చదవడం రాదని రాసిచ్చినాయన

ఆయన పోయారని ఫోన్ వచ్చినప్పుడు నా బల్ల మీద ఆయన్ని చిన్నబుచ్చే వాక్యం ఒకటి ఉంది. రాసింది నేనే. తాళపత్రాల కేటలాగు మొదటి సంపుటం రెండోసారి అచ్చుకు వెళ్తోంది, దాని ప్రూఫులు దిద్దుతున్నాను. ముందుమాట రెండో పేజీలో, నా సంతకానికి కాస్త పైన, ఇలా ఉంది: 'ఈ గ్రంథాలయంలోని పాత రిజిస్టరును తాటాకు రాత చదవడం రాని ఉద్యోగి తయారుచేసినందువల్ల అందులోని వివరాలు నమ్మదగినవి కావు.'

ఫోన్ చేసింది నర్సమ్మ, నేను పనిచేసిన ఆ గ్రంథాలయంలో అటెండరు.

"మేడం, మన సారు పోయిండు," అంది. "పొద్దుగాల కోడలు చాయ్ ఇచ్చిందంట. తాగి, కప్పు కింద వెట్టి, ఏమున్నది గిండ్ల అన్నడంట. గంతే. గోడకు ఒరిగిండంట."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ చాయ్ చాలా బాగుండి ఉంటుంది.

ఇది అర్థం కావాలంటే ఆయన సంగతి కొంచెం చెప్పాలి. పేరు మాత్రం చెప్పను. ఊరి పేరూ చెప్పను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, ఈ మూడింట్లో ఏదో ఒకటి అనుకోండి, ఏది అనుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఊరు చెబితే ఒక అద్దాల బీరువా ఎవరింట్లో ఉందో బయటపడుతుంది. పేరు చెబితే అంతకన్నా పెద్ద నష్టం ఉంది.

నచ్చినదాన్ని మెచ్చుకోవడం ఆయన ఒంట్లో లేదు. ఎంత నచ్చితే అంత తీసిపారేసేవారు. నర్సమ్మ ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టె, పుంటికూర నోట్లో పెట్టుకుని "ఏమున్నది గిండ్ల" అనేవారు, ఇందులో ఏముంది గొప్ప అన్నట్టు. నర్సమ్మ మాట్లాడకుండా ఇంకో రొట్టె వేసేది. నచ్చనిదైతే "బాగున్నది, బాగున్నది" అని మర్యాదగా పక్కకు జరిపేవారు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారం నా దస్తూరి చూసి "బాగున్నది" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి మా అమ్మకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

నేనక్కడికి కాంట్రాక్టు మీద కేటలాగు పనికి వెళ్లాను. ఎం.ఏ. తెలుగు, లైబ్రరీ సైన్సు, కంప్యూటరు టైపింగు, ఈ మూడూ ఒకే మనిషిలో దొరకడం ఆ ఊరి అదృష్టమని నా గట్టి నమ్మకం. ఆయన అప్పటికి యాభై మూడు దాటారు. తెల్ల లాల్చీ, మోకాళ్ల మీద వేసుకునే పాత తువ్వాల, ఎప్పుడూ నల్లగా ఉండే కుడి బొటనవేలు. ఆయన తండ్రి అక్కడే పుస్తకాలకు జిల్దులు కట్టేవారట. ఈయన తండ్రి పక్కన కూర్చుని, వచ్చిపోయే పండితులను అడిగి అడిగి తాటాకు చదవడం నేర్చుకున్నారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోయేముందు ప్రతి బీరువా తాళాన్నీ మూడుసార్లు గుంజి చూసేవారు. గేటు దాకా పోయి, వెనక్కి వచ్చి, నాలుగోసారి గుంజేవారు.

బొటనవేలు నలుపు మసిది. తాటాకు మీద గంటంతో గీసిన రాత దానంతటది కనబడదు. ఊరికే గీతలు పడ్డ ఆకులా ఉంటుంది. దీపం మసిలో ఆకుపసరు కలిపి రుద్ది, గుడ్డతో తుడిస్తే అప్పుడు అక్షరాలు నల్లగా తేలతాయి. ఆయన మసి పెట్టిన ఆకు అచ్చువేసిన పేజీలా ఉండేది. అయితే కొన్ని కట్టలకే పెట్టేవారు. మిగతావాటిని ఎర్రగుడ్డలో చుట్టి, పై అరల్లో వదిలేసేవారు. ముసలితనం, బద్ధకం అనుకున్నాను.

ఇంకో అలవాటు నాకు మహా చిరాకు తెప్పించేది. చివరి ఆకు దాకా చదవకుండా ఏ కట్టకూ పేరు పెట్టనిచ్చేవారు కాదు. నేను మొదటి రెండు ఆకులు చూసి పేరు టైపు చేసేస్తుంటే వచ్చి కంప్యూటరు మీద తువ్వాల కప్పేవారు.

"దారం ఒక్కటే అని పుస్తకం ఒక్కటే అనుకోకు బిడ్డా. ముందట ఒకనిది ఉంటది, లోపల ఇంకొకనిది ఉంటది. ఎన్కటోళ్లు ఆకులు చెదిరితె దొరికినయి దొరికినట్టు గుచ్చిన్రు."

ఇంత పట్టింపు ఉన్న మనిషి రిజిస్టరు ఎంత గొప్పగా ఉండాలి? నాకు తల తిరిగింది. పేజీలకు పేజీలు ఒకే పాట. 'అసంపూర్ణం.' 'చెదలు తిన్నది.' 'పనికిరానిది.' 'పనికిరానిది.' అక్కడక్కడ మాత్రం ఎర్రసిరాతో, అందమైన అక్షరాల్లో 'అపూర్వ కావ్యం, చాలా విలువైనది' అని ఉండేది. ఇంత పాత సంస్థానాల నేలలో ఇంత చెత్త ఎలా పోగైందా అని నేను జాలిపడ్డాను.

ఆ ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నారు. ఏ పదవీ లేదు గాని ఏ సభలోనైనా మధ్య కుర్చీ ఆయనదే. నేను చేరిన ఏడే ఒకరోజు వచ్చి రిజిస్టరు తెప్పించుకున్నారు. నల్లసిరా పేజీలన్నీ గబగబా తిప్పేసి, ఎర్రసిరా దగ్గర వేలు పెట్టారు.

"గిది జర దియ్యి. చూసి ఇస్త," అన్నారు.

సార్ అయిష్టంగా, నిజంగానే కన్నబిడ్డను అత్తారింటికి పంపుతున్నంత దిగులుగా, ఆ కట్టను తెచ్చి ఇచ్చారు. మసి పెట్టిన కట్ట, ఆకు ఆకూ నిగనిగలాడుతోంది. పెద్దాయన దాన్ని తన హాల్లో అద్దాల బీరువాలో పెట్టించారని, వచ్చినవాళ్లకల్లా చూపిస్తున్నారని, దసరాకు పూలదండ కూడా వేస్తున్నారని తరవాత తెలిసింది. చూడటం ఇంకా పూర్తికాలేదు కాబోలు, తిరిగి ఇవ్వలేదు.

రెండో ఏడు హైదరాబాదు నుంచి ఉత్తరువు వచ్చింది. తాళపత్రాల గదిలో సగం ఖాళీ చేసి కంప్యూటర్లు పెట్టాలి. రిజిస్టరులో పనికిరానివని ఉన్నవాటిని జాబితా చేసి వదిలించుకోవాలి. జాబితా టైపు చేయమని నాకు చెప్పారు. రెండు రోజుల్లో చేశాను. ఎవరూ అడగకపోయినా అక్షరక్రమంలో పెట్టి మరీ పంపాను. మూడు బీరువాల కట్టలు అందులోకి వచ్చాయి.

ఒక నకలు సార్‌కు ఇచ్చాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నిదానంగా చూశారు.

"బాగున్నది," అన్నారు.

అప్పటికి ఆ మాటకు అర్థం నాకు తెలుసు. కాని ఎందుకన్నారో తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం, పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడే వేళకు నన్ను పిలిచారు. పై అరలోంచి దింపిన ఒక కట్ట విప్పి ఉంది. మసి లేని ఆకులు. నాకు ఒక్క అక్షరం కనబడలేదు. ఆయన ఒక ఆకును ఎండకు అడ్డంగా కొంచెం వంచి పట్టుకుని, దినపత్రిక చదివినట్టు చదువుకుంటూ పోయారు. నల్లమలలో ఏ చెట్టు ఏ నెలలో పూస్తుంది, ఏది పూసినప్పుడు చెంచులు ఏ దిక్కుకు కదులుతారు, ఏ వేరు దేనికి మందు, అంతా పద్యాల్లోనే. చివరి ఆకులో కవి తన పేరు చెప్పుకోలేదు. తనకు అడవి చూపించిన చెంచు మనిషి పేరు చెప్పి, దండం పెట్టి ముగించాడు.

నేను జాబితాలో చూశాను. 'చెదలు తిన్నది. పనికిరానిది.'

"ఇందులో ఒక్క చెద కూడా లేదు సార్," అన్నాను.

"లేదు. చెదలైతె మందు ఉన్నది బిడ్డా. చూసి ఇస్త అనేటోళ్లకు మందు లేదు."

బల్ల కింది నుంచి ఒక రేకుపెట్టె బయటికి లాగారు. నిండా ఎర్రగుడ్డలు, ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి తువ్వాల మీద పరిచారు.

"నౌకరిల చేరిన కొత్తల ఉన్నది ఉన్నట్టు రాసిన. ఏది మంచిదని రాస్తె అది పోయింది, గుడ్డ మిగిలింది. గిది ఇటిక్యాల దిక్కుకెల్లి వచ్చిన కట్టది. గిది పెద్దమందడి కాడ ఒక ఇంట్లకెల్లి వచ్చింది, నూటపది ఆకులు. తీస్కపోయినోళ్లు ఎవరో తెలుసు. అడిగితె ఏ పుస్తకం అంటరు. గందుకె ఉల్టా రాసుడు వట్టిన. మంచిదానికి మసి పెట్టక, పనికిరాదని రాస్త. పనికిరాని దానికి మంచిగ మసి పెట్టి, ఎర్రసిరాతో రాస్త."

"మరి పెద్దాయన తీసుకెళ్లిన కావ్యం?"

"కావ్యం ఏంది, ఎద్దుకు కడుపుబ్బితె ఏం తాపాలె, ఎన్నిపూటలు తాపాలె, గది," అన్నారు. ఆ ఒక్కక్షణం ఆయన ముఖంలో దొంగతనంగా బెల్లం తిన్న కళ కనిపించింది. తరవాత నా జాబితా వైపు చూసి మళ్లీ వాడిపోయారు.

ఇరవై ఏళ్లుగా ఆ ఆకుల్ని కాపాడిన మాటే ఇప్పుడు వాటిని చెత్తబండి ఎక్కించబోతోంది. ఎక్కించేందుకు వీలుగా అక్షరక్రమంలో పెట్టింది నేను. నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

"ఉన్నమాట చెప్పేయండి సార్," అన్నాను.

"ఏమని చెప్పాలె? సర్కారు రిజిస్టరుల అబద్ధం రాసిన అనా? నా నౌకరి పోతె పోనీ. మంచియి ఏవో ఊరందరికీ తెలుస్తయి. మళ్ల గుడ్డలే మిగుల్తయి."

ఆయన గుడ్డలన్నీ మళ్లీ మడతపెట్టి పెట్టెలో సర్దారు. ఏం చేయబోతున్నారో నాకు చెప్పలేదు.

ఆ వారమే జాబితా మీద సంతకం చేయడానికి ఆఫీసరు వచ్చారు. మంచివాడే, కేకలు వేసే రకం కాదు. ఆయన పెన్ను మూత తీయగానే సార్ లేచి నిలబడ్డారు.

"సాబ్, ఒక్క మాట. నాకు తాటాకు చదవరాదు."

"ఏమిటీ?"

"రాదు సాబ్. ఏదో తెలిసిన ముక్క రాసిన. తెల్వనిదానికల్ల పనికిరాదని రాసిన. గా లిస్టును నమ్మకుండ్రి."

ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కోపం రాలేదు. ఎప్పటి నుంచో ఉన్న అనుమానం తీరినవాడిలా తేలికపడ్డారు.

"నేను అనుకుంటూనే ఉన్నానండి. మీకు పాత తెలుగు ఎలా వస్తుందని. మీ తప్పు కాదు లెండి. మీకు ఈ పని అప్పగించినవాళ్లది తప్పు."

ఆ 'మీకు' అన్న మాటలో ఎవరెవరిని కలిపారో గదిలో ఉన్న అందరికీ తెలుసు. నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను.

"బిడ్డా," అన్నారు సార్ నా వైపు చూడకుండానే, "జర గా గుండుసూది ఇయ్యి."

ఇచ్చాను. ఇంకేం చేయను? ఆయన కూర్చుని, తనకు తాటాకు లిపి చదవడం రాదని, రిజిస్టరులో తాను రాసినవన్నీ ఊహలేనని, తెలిసినవారు ఆసాంతం చదివేదాకా ఏ కట్టనూ పనికిరానిదిగా ఎంచవద్దని, బయటికి పోనివ్వవద్దని ఒక కాగితం రాసి, సంతకం పెట్టి, గుండుసూది గుచ్చి అందించారు. అంత చక్కని దస్తూరి, అంత తప్పులేని తెలుగు ఆ ఫైల్లో ఇంకెక్కడా లేవు. ఆఫీసరు అది గమనించలేదు. చూడదలుచుకున్నది చూసేశారు కదా.

జాబితా రద్దయింది. కాగితంలో ఉన్నట్టే ఉత్తరువు వచ్చింది.

"అంతమాట పడ్డారేంటి సార్?" అని తరవాత అడిగాను.

"గాయన నమ్ముతడని నాకు ఎరికే బిడ్డా. నాకు వస్తదని చెప్తెనే నమ్మకపోతుండె," అన్నారు.

ఆ తరవాత రిటైరయ్యేదాకా ఆయన్ని పేపర్ల గదిలో కూర్చోబెట్టారు. తాటాకు ముట్టుకోవద్దన్నారు. ఊళ్లో కూడా సంగతి పాకింది. పేపరు చదవడానికి వచ్చే పింఛనుదార్లు "ఏం సారూ, పేపరన్న చదవొస్తదా?" అని అడిగి నవ్వుకునేవారు. ఆయన పేపరు తలకిందులుగా పట్టుకుని "కొత్తగ నేర్చుకుంటున్న" అనేవారు. వాళ్లు ఇంకా నవ్వేవారు. నేను మాత్రం నవ్వలేకపోయేదాన్ని.

తాటాకులు చదివే పని నాకు అప్పగించారు. నాకేం వచ్చు? ఆయన చెప్పినట్టు మసి రుద్దుకున్నా, ఆకును కూడబలుక్కునే చదివేదాన్ని. అందుకని మధ్యాహ్నం అన్నాలవేళ తలుపులు తీసి ఉంచి, గట్టిగా పైకి చదివేదాన్ని. వరండాకు అవతల పేపర్ల గదిలో, ఆ కట్టలన్నీ ఎప్పుడో ఆసాంతం చదివేసిన ఆయన. తప్పు చదివితే పేపరు పేజీ ఫటఫటమని తిప్పేవారు. మళ్లీ చదివేదాన్ని. సరిపోతే చప్పుడు ఉండేది కాదు. మొదటి నెలలో ఒక దినపత్రిక పూర్తిగా చిరిగిపోయింది. అలా మూడేళ్లకు ఒక బీరువా పూర్తయింది. ఫొటోలు కూడా తీయించాం కాబట్టి వాటిని ఇక ఎవరూ చూసి ఇస్తామని పట్టుకుపోలేరు. ఇంకా రెండు బీరువాలు మిగిలాయి.

ముందుమాటలో ఆ వాక్యం రాయించింది ఆయనే. నేను రాయనని రెండు రోజులు మాట్లాడలేదు.

"రాయి బిడ్డా. నీ పేరు మీద రాయి. చదవొచ్చినోడు పనికిరాదన్నడంటె మిగిలిన రెండు బీరువాలు లారీ ఎక్కుతయి. చదవరానోడు అన్నడంటెనే ఉంటయి. అన్ని చదివినంక కొట్టెయ్యి."

కేటలాగు ఆవిష్కరణ గ్రంథాలయంలోనే జరిగింది. అప్పటికి సార్ రిటైరయ్యారు, చివరి వరుసలో గోడ పక్కన కూర్చున్నారు. వేదిక మీద మధ్య కుర్చీలో పెద్దాయన, పక్కన ఆఫీసరు, చివర నేను. ఆఫీసరు మాట్లాడుతూ ఈ సంపద ఇన్నాళ్లూ చదవడం రాని చేతుల్లో ఉండిపోయిందన్నారు. ముందు వరుసలవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. సార్ అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు.

తరవాత పెద్దాయన లేచారు. పట్టుగుడ్డ విప్పి, అద్దాల బీరువాలోని కట్టను నా ముందు పెట్టారు.

"గిది మా ఇంట్ల పూజ చేస్కుంటున్న కావ్యం. రెండు పద్యాలు చదివి వినిపియ్యమ్మా," అన్నారు.

మైకు నా ముందుకు జరిపారు. మొదటి ఆకు తీశాను. ఎంత చక్కని మసి. వాము, ఇంగువ, నువ్వులనూనె, ఎద్దును ఎటువైపు తిప్పి నిలబెట్టాలి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు చదివితే పెద్దాయన కాసేపు సిగ్గుపడి, పొరపాటున చెత్త అంటగట్టారని ఇంకో కట్ట అడుగుతారు. హాలంతా నవ్వేది మాత్రం గోడ పక్కన కూర్చున్న మనిషిని చూసి. గొడ్లమందును కావ్యమని రాశాడు, చదువురాని వెర్రివాడు అని. ఆయన్ని ఇంకోసారి, నా నోటితో అనిపించడం నావల్ల కాలేదు. పద్యాలు అల్లి చెప్పే తెలివి నాకు లేదు.

"క్షమించాలి. ఈ రాత నాకు చదవడం రాదు," అన్నాను మైకులో.

ఆఫీసరు మైకు తన వైపు లాక్కున్నారు.

"ఈ లైబ్రరీలో ఇదేం అంటువ్యాధో గాని," అన్నారు. అందరూ హాయిగా నవ్వారు. నా కేటలాగు కాపీలు అప్పుడే వాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఈవిడ చదివి రాసిందా ఇదంతా అన్నట్టు ఒకరిద్దరు అట్ట తిప్పి నా పేరు చూసుకున్నారు. పెద్దాయన మాత్రం పొంగిపోయారు. ఎం.ఏ. చదివిన పిల్లకే అందలేదంటే ఎంత గట్టి కావ్యమో అని పక్కాయనతో అంటూ మళ్లీ పట్టుగుడ్డలో చుట్టుకున్నారు.

సభ అయ్యాక సార్ గేటు దగ్గర చాయ్ బండి పక్కన నా కోసం నిలబడి ఉన్నారు.

"గది గూడ చదవరాకపోతె ఎట్ల బిడ్డా? గంత మంచిగ మసి వెట్టిన," అన్నారు.

నా చేతిలోని కేటలాగు తీసుకున్నారు. నల్లమల చెట్ల కట్ట ఉన్న పేజీ చూశారు. ముందుమాట తీసి తన గురించిన వాక్యం మీద, మసి నలుపు ఇంకా వదలని బొటనవేలు ఆన్చి, మెల్లగా, చివరి అక్షరం దాకా చదివారు. పుస్తకం మూసి నాకు ఇచ్చేశారు.

"ఏమున్నది గిండ్ల," అన్నారు.

నా జీవితంలో నాకు దక్కిన పెద్ద మెప్పు అదే. ఇంటికి వెళ్లి అమ్మకు చెబితే "అయ్యో, ఎందుకట్ల అన్నడే" అని బాధపడింది.

నర్సమ్మ ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని, ఎర్రపెన్నుతో ఆ వాక్యం కొట్టేయడం. మనిషే పోయాక ఇంకా ఈ అబద్ధం ఎందుకు? పక్కన ఖాళీలో ఆయన పూర్తి పేరు రాశాను. ఈ మూడు ఊళ్లలో తాటాకును ఆయనలా చదవగలిగినవాళ్లను నేను చూడలేదని, నాకు చదవడం నేర్పింది ఆయనేనని రాశాను. రాసి, చాలాసేపు ఏడ్చాను.

సాయంత్రం నర్సమ్మ మళ్లీ ఫోన్ చేసింది.

"మట్టి వెట్టి వచ్చిన్రు మేడం. మస్తు మంది వచ్చిన్రు. మొన్న ఎవరో వచ్చి తాటాకుల గది టేపు వెట్టి కొల్సుకపోయిన్రు. రెండు బీరువాలు ఇంక గట్లనే ఉన్నయి. మీరు ఎప్పుడొస్తరు?"

వస్తానని చెప్పి, ప్రూఫులు మళ్లీ ముందు వేసుకున్నాను. ఆయన పేరు రాసిన ముక్కను ఒక్క అక్షరం కూడా కనబడకుండా కొట్టేశాను. ప్రూఫులు దిద్దేవాళ్లకు ఒక గుర్తు ఉంది. కొట్టేసిన వాక్యం కింద వరసగా చుక్కలు పెడితే, కొట్టివేత చెల్లదు, ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వమని అర్థం. పాత వాక్యం మొదటి అక్షరం నుంచి ఒక్కొక్క చుక్కే పెట్టుకుంటూ వెళ్లాను. 'చదవడం రాని ఉద్యోగి' దగ్గర చెయ్యి ఆగింది. అక్కడా పెట్టాను.